చెట్ల లెక్క రాశారు, మన జ్వరాల లెక్క ఎప్పుడు రాస్తారు?

ఇది కొంచెం పెద్ద పోస్టు. వీలు చూసుకుని చదవండి. చదివాక మీ ఊరి సంగతి కింద రాయండి, మాకు కావాల్సింది అదే.

మా హాస్టల్లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే సీనియర్ల పక్కన కూర్చుని మేమూ రాత్రిళ్ళు బిట్లు చదువుతుంటాం. పర్యావరణం చాప్టర్లో తప్పకుండా వచ్చే బిట్ ఒకటుంది. వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక, 2008 జూన్ 30, ఎనిమిది మిషన్లు. సౌరశక్తి, ఇంధన సామర్థ్యం, సుస్థిర ఆవాసాలు, నీరు, హిమాలయాలు, గ్రీన్ ఇండియా, సుస్థిర వ్యవసాయం, వ్యూహాత్మక విజ్ఞానం. వరసగా అప్పజెప్పేస్తాం. ఒకరోజు జూనియర్ తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఎండలు పెరిగితే ముందు పడిపోయేది మనిషే కదా. మరి ఇందులో ఆరోగ్యం మిషన్ ఏది?" వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాం. లేదు.

ఆ ప్రశ్న పట్టుకుని లైబ్రరీలోనూ ఫోన్లోనూ దొరికినవన్నీ కొన్నాళ్ళు చదివాం. మాకు అర్థమైంది ఇది. మన దేశ వాతావరణ విధానం ముందు చెట్టునీ కరెంటునీ లెక్కపెట్టింది. మనిషి ఒంటిని బాగా ఆలస్యంగా లెక్కలోకి తెచ్చుకుంది. కాగితంలో ఆరోగ్యం అనే మాట ఉన్నా లేకున్నా ఆ విధానాలు మన కంచం మీద, పొయ్యి మీద, ఎండలో చేసే పని మీద, వానాకాలం జ్వరాల మీద పనిచేస్తూనే ఉన్నాయి. ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా చెప్తాం. దానికి ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఒకే ఏడు, రెండు కాగితాలు

1992లో రియోలో ప్రపంచ దేశాలు వాతావరణ మార్పు ఒప్పందం రాసుకున్నాయి. వాతావరణ మార్పు వల్ల వచ్చే చెడు ఫలితాలు అంటే ఏమిటో ఆ ఒప్పందం మొదట్లోనే చెప్పారు. అందులో మనుషుల ఆరోగ్యం, క్షేమం అనే మాటలు ఉన్నాయి. మన దేశం అదే ఏడు సంతకం పెట్టి, 1993లో ఆమోదించింది. అంటే ఆరోగ్యం సంగతి ఎవరికీ తెలియక కాదు, మొదటి కాగితంలోనే ఉంది.

తర్వాత పదిహేనేళ్ళపాటు మాటంతా పొగ ఎవరు ఎక్కువ వదిలారు, ఎవరు తగ్గించాలి, డబ్బు ఎవరు ఇవ్వాలి అనే వాదనల చుట్టూనే తిరిగింది. ఆ వాదనలో మన దేశం చెప్పింది న్యాయమే. పెద్ద దేశాలు వందేళ్ళు బొగ్గు కాల్చుకున్నాయి, మన తలసరి లెక్క చాలా తక్కువ. 2008లో ప్రధాని మన్మోహన్ సింగ్ విడుదల చేసిన ప్రణాళిక ఆ నేపథ్యంలో వచ్చింది. అందుకే అందులో సోలారు, కరెంటు పొదుపు, అడవి ముందుకొచ్చాయి. ఆరోగ్యం గురించి అసలు రాయలేదని కాదు. మిషన్ల తర్వాత, ఇతర కార్యక్రమాలు అనే చోట రాశారు. సొంత మిషన్ మాత్రం లేదు.

అదే 2008లో జనవరి 1న ఇంకో కాగితానికి నియమాలు వచ్చాయి. మనందరికీ తెలిసిన అటవీ హక్కుల చట్టం, 2006. జనవరిలో వచ్చిన కాగితం అడవిలో బతికేవాళ్ళకి హక్కులున్నాయని చెప్పింది. జూన్‌లో వచ్చిన కాగితం అడవిని పెంచి కార్బన్ పీల్చుకోవాలని చెప్పింది. ఈ రెండూ కలిసి నడిస్తే మనకంటే బాగుపడేవాళ్ళు ఉండరు. విడివిడిగా నడిస్తే ఏమవుతుందో చూద్దాం.

కంచం

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యం కొండల్లో రిజర్వు అడవులు వచ్చాయి, పోడు మీద ఆంక్షలు వచ్చాయి. 1922–24 మన్యం పోరాటం వెనకాల ఆ బాధ ఉంది. నిజాం వైపు కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది కూడా అడవి మీద హక్కు కోసమే. ఈ కథల్ని మనం ఎప్పుడూ భూమి కథలుగా చెప్పుకుంటాం. మాకిప్పుడు అవి ఆరోగ్యం కథలుగా కూడా కనిపిస్తున్నాయి.

ఎందుకంటే పోడు చేలో ఒక్క పంట ఉండదు. చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు, బొబ్బర్లు, చిక్కుళ్ళు కలిసి ఉంటాయి. ఒకటి పోతే ఇంకోటి చేతికొస్తుంది. అడవిలోంచి దుంపలు, ఆకుకూరలు, పుట్టగొడుగులు, తేనె, ఇప్పపువ్వు, చింతపండు, ఉసిరి వస్తాయి. బియ్యం కన్నా చోళ్ళలో కాల్షియం ఎన్నో రెట్లు ఎక్కువని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో ఉంది. మన అవ్వలు పట్టికలు చూడలేదు, అంబలి తాగి కొండెక్కారు. రేషన్ బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది, ఆ మేలు మరిచిపోకూడదు. కాని కడుపు నిండటం, ఒంటికి పట్టడం రెండూ ఒకటి కాదు. కంచంలో రకాలు తగ్గితే బాలింతకి, ఎదిగే పిల్లకి ముందు తెలుస్తుంది.

ఆనాటి సర్కారుకి అడవి అంటే కలప. ఈనాటి విధానంలో అడవి అంటే కార్బన్ కూడా. 2014 ఫిబ్రవరిలో కేంద్రం గ్రీన్ ఇండియా మిషన్‌కి ఆమోదం ఇచ్చింది. 50 లక్షల హెక్టార్లలో కొత్తగా పచ్చదనం పెంచాలి, ఇంకో 50 లక్షల హెక్టార్లలో ఉన్న అడవిని బాగుచేయాలి, అడవి మీద ఆధారపడ్డ 30 లక్షల కుటుంబాల ఆదాయం పెరగాలి. ఆ పత్రంలో గ్రామసభకి పెద్ద చోటే ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. 2015లో పారిస్ ఒప్పందం కోసం మన దేశం ఇచ్చిన మాటలో, 2030 నాటికి అడవులూ చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటామని ఉంది. 2016లో కాంపా చట్టం వచ్చింది. అడవి కొట్టినందుకు కంపెనీలూ ప్రాజెక్టులూ కట్టిన డబ్బుతో వేరేచోట చెట్లు నాటడం దాని పని. 2019 ఆగస్టులో ఆ డబ్బు 47,000 కోట్ల రూపాయలకు పైగా రాష్ట్రాలకు బదిలీ చేశారు.

ఇక్కడ మనం చూడాల్సింది లెక్క ఎలా కడతారన్నది. అటవీ సర్వే సంస్థ శాటిలైట్ బొమ్మలు చూసి అడవి విస్తీర్ణం చెప్తుంది. ఒక హెక్టారు, ఆపైన ఉన్న నేలలో 10 శాతానికి మించి చెట్ల నీడ ఉంటే అది అడవి విస్తీర్ణం కిందికి వస్తుంది. ఆ నేల ఎవరిది, ఆ చెట్టు ఏ చెట్టు అన్నది చూడరు. జామాయిల్ తోట అయినా, కొబ్బరి తోట అయినా, కాఫీ తోట అయినా లెక్కే. 2023 నివేదిక ప్రకారం దేశంలో అడవులూ చెట్లూ కలిపి 25.17 శాతం. 2005తో పోలిస్తే 229 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ అదనంగా పీల్చుకున్నట్టు లెక్క. ఢిల్లీలో చూస్తే మంచి మార్కులు.

శాటిలైట్‌కి జామాయిలూ పచ్చగానే కనిపిస్తుంది, చింతచెట్టూ పచ్చగానే కనిపిస్తుంది. తేడా తెలిసేది మనం గంప ఎత్తుకున్నప్పుడు. జామాయిల్ తోటలో దుంప తవ్వలేం, అడ్డాకు కోయలేం, పండు ఏరలేం. పోడు నేల మీదకో, మేత నేల మీదకో ఇలాంటి తోట వస్తే కార్బన్ ఖాతాలో జమ పడుతుంది, కంచం ఖాతాలో ఖర్చు పడుతుంది. ఆ రెండో ఖాతా ఎవరూ రాయడం లేదు.

చెట్లు నాటడమే తప్పు అని మేం అనట్లేదు. అరకు, పాడేరు వైపు నీడచెట్ల కింద కాఫీ వేసుకుని ఇల్లు కట్టుకున్నవాళ్ళు, పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు. తెలంగాణలో 2023లో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. ఆ నేలలో ఏ చెట్టు నాటాలన్నది ఆ ఇంటివాళ్ళు నిర్ణయించుకుంటే గొడవే లేదు. మా ప్రశ్న ఒకటే, ఏ చెట్టో ఎవరు నిర్ణయిస్తున్నారు?

పొయ్యి

మన ఇళ్ళల్లో పొయ్యి వంటకి మాత్రమే కాదు. చలికి కాచుకునేది అక్కడే, పొయ్యి మీద అటకలో విత్తనం ఎండి పురుగు పట్టకుండా ఉండేది ఆ పొగకే. అదే పొగ అమ్మల ఊపిరితిత్తుల్లోకీ, చంకలో ఉన్న బిడ్డ ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. దగ్గు, ఆయాసం, పిల్లల్లో నిమోనియా, కళ్ళ మంటలు, వీటికి వంటింటి పొగ పెద్ద కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెప్తోంది.

సర్కారు ఈ పొగని ఎలా చూసిందో దానికీ ఒక చరిత్ర ఉంది. 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలైంది. దాని వెనక పెద్ద ఆలోచన కట్టెలు ఆదా చేయడం, అడవి తరగకుండా చూడడం. అమ్మ దగ్గు ఆ తర్వాతి మాట. పంచిన పొయ్యిలు చాలాచోట్ల ఎక్కువకాలం నిలవలేదు. 2002 ప్రాంతంలో ఆ పథకం ఆపేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది, డ్వాక్రా సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016 మే 1న కేంద్రం ఉజ్వల మొదలుపెట్టింది. 2019 సెప్టెంబరు నాటికి 8 కోట్ల కనెక్షన్లు ఇచ్చారు. మన దేశం ఐక్యరాజ్యసమితికి పంపే వాతావరణ నివేదికల్లో ఉజ్వల పేరు కూడా ఉంటుంది. ఆరోగ్యమూ వాతావరణమూ కలిసొచ్చే పథకం నిజంగా ఇదే.

కాని ఇక్కడా లెక్క కనెక్షన్ దగ్గర ఆగిపోయింది. కాగ్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, కనెక్షన్ తీసుకుని ఏడాది దాటిన 3.18 కోట్ల ఉజ్వల కుటుంబాలు ఏడాదికి సగటున 3.21 సిలిండర్లే నింపించుకున్నాయి. మూడు సిలిండర్లతో ఏడాదంతా వంట కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతా రోజులన్నీ కట్టెల పొయ్యే. బండి రాని ఊళ్ళకి సిలిండర్ తెచ్చుకోవాలంటే ధర కన్నా మోతకూలి బాధ పెద్దది. ఈ మధ్య తెలంగాణలో 500 రూపాయల సిలిండర్, ఆంధ్రలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చాయి. కొంత ఊరటే. అయితే పొగ తగ్గిందో లేదో తెలుసుకోవాలంటే ఎన్ని కనెక్షన్లు ఇచ్చారని కాదు, ఈ నెల మీ ఇంట్లో ఎన్ని రోజులు కట్టెలు కాల్చారని అడగాలి. ఆ మాట అడగడానికి ఎవరొచ్చారు?

ఎండ

2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత లెక్క తేలింది. వాళ్ళు ఆ లెక్కని దాచుకోలేదు, దాని మీద కూర్చుని 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక రాసుకున్నారు. దక్షిణాసియాలో అదే మొదటిది. ముందుగా హెచ్చరిక పంపడం, తాగునీళ్ళు పెట్టడం, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, పని వేళలు మార్చడం, ఇంతే. పెద్ద యంత్రాలేం లేవు. మన ఊళ్ళ చలివేంద్రం కూడా అందులో భాగం లాంటిదే. ఆ ప్రణాళిక వచ్చాక ఏటా వెయ్యికి పైగా ప్రాణాలు నిలిచాయని తర్వాత చేసిన అధ్యయనంలో అంచనా వేశారు.

మనవైపు ఆ పాఠం నేర్చుకోవడానికి చాలా ప్రాణాలు పోయాయి. 2003 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు. 2015 వేసవిలో దేశం మొత్తం మీద 2,000 మందికి పైగా పోతే, అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్ళే. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ అన్ని రాష్ట్రాలకీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పుడు ఆంధ్రలో మండలాలవారీగా వడగాడ్పు హెచ్చరికలు వస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వడగాడ్పుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ళ కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం అని చెప్పింది. వాతావరణ విధానం మనిషి ప్రాణాన్ని నేరుగా కాపాడిన చోటు ఏదైనా ఉంటే ఇదే. అందుకని దీన్ని మెచ్చుకుంటూనే లోపం చెప్పాలి.

ఆ హెచ్చరికలో ఏముంటుంది? మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రావద్దు, నీళ్ళు తాగండి, గొడుగు పట్టండి. పట్నంలో ఆఫీసు ఉద్యోగికి సరిపోతుంది. మన తునికాకు సీజను ఏ నెలల్లో? ఏప్రిల్, మే. తెల్లారకముందే అడవికి పోతాం, ఆకు కోసి మోసుకొస్తాం, కూర్చుని యాభై ఆకులకో కట్ట కడతాం, మళ్ళీ కల్లం దగ్గరికి తీసుకెళ్తాం. కట్టకి ఇంత అని లెక్క. నీడలో కూర్చుంటే ఆ గంట కూలి పోయినట్టే. ఏడాదిలో చేతిలో నోటు చూసే నెల అదొక్కటి అయినప్పుడు, బయటికి రావద్దు అనే సలహా ఎవరికి చెప్పినట్టు? కల్లం దగ్గర పందిరి, తాగునీళ్ళు, ఓఆర్‌ఎస్ పెట్టించడం అంత పెద్ద పని కాదు. వేసవి ప్రణాళికలో తునికాకు కల్లం అనే మాట రాయాలి, అంతే.

ఇంకోటి. ఫోన్‌కి వచ్చే హెచ్చరిక సిగ్నల్ లేని గూడేనికి రాదు. వడదెబ్బతో పోయారని రుజువు కాకపోతే సాయం రాదు. కొండ మీద పడిపోయిన మనిషిని డోలీలో దింపేసరికే సగం రోజు పోతుంది. రోడ్డు లేనిచోట ఎండకి పోయిన ప్రాణం కాగితం మీద మామూలు చావుగానే మిగిలిపోతుంది. లెక్కలోకి రాని చావు తర్వాతి ఏడాది ప్రణాళికలోకి కూడా రాదు.

జ్వరం

మలేరియాని దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆ జ్వరం మాత్రం మన కొండల్లో తరతరాలుగా ఉంది. మన్యం అంటే బయటివాళ్ళు భయపడింది పులికి కాదు, జ్వరానికి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. ఇప్పుడు 2030 నాటికి పూర్తిగా లేకుండా చేయాలని లక్ష్యం. దోమతెరలు, ఊళ్ళోనే రక్త పరీక్ష, ఆశా అక్కల పుణ్యమా అని కేసులు బాగా తగ్గిన మాట నిజం.

అయినా భారం ఎవరి మీద ఉందో చూడండి. గిరిజన ఆరోగ్యంపై డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన వేసిన కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో మనం 8.6 శాతం. మలేరియా కేసుల్లో మన వాటా 30 శాతం. మలేరియా చావుల్లో మన వాటా దాదాపు సగం.

వాతావరణానికీ దీనికీ లింకు ఇలా. దోమ ఒంట్లో మలేరియా క్రిమి ఎదగాలంటే వెచ్చదనం కావాలి. సుమారు 16 నుంచి 18 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఎదుగుదల ఆగిపోతుంది. అందుకే ఎత్తు కొండల మీద గట్టి చలి నెలల్లో జ్వరాలు తెరిపిస్తాయి. చలి తగ్గి, రోజులు వెచ్చబడితే ఆ తెరిపి కుదించుకుపోతుంది. వాన తీరు మారి, రోజుల తరబడి తుంపర పోయి, ఒక్కసారే కురిసి గుంటలు నిలిస్తే దోమకి అదొక ఊయల. అంటే మన కొండల్లో ఒకటి రెండు డిగ్రీల తేడా అంటే చలిమంట ఒకటి తక్కువ వేసుకోవడం కాదు, జ్వరాల నెలలు పెరగడం.

ఆలస్యంగా వచ్చిన తొమ్మిదో మాట

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్నకి జవాబు. 2015 జనవరిలో ప్రధాని వాతావరణ మండలి ఆరోగ్యాన్నీ చేర్చాలని నిర్ణయించింది. అదే ఏడాది పారిస్ ఒప్పందం ముందుమాటలో ఆరోగ్య హక్కు, ఆదివాసీల హక్కులు అనే మాటలు పక్కపక్కనే చేరాయి. 2018లో వాతావరణ మార్పు, మానవ ఆరోగ్యంపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక రాశారు. 2019 ఫిబ్రవరిలో దానిమీద జాతీయ కార్యక్రమం మొదలైంది. ఎండదెబ్బ, గాలి కాలుష్యం, దోమల జ్వరాలు, తుఫాన్లను తట్టుకునే ఆసుపత్రులు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ప్రతి రాష్ట్రం సొంత ప్రణాళిక రాసుకోవాలి, దానికి ఒక నోడల్ అధికారి ఉండాలి. మొదటి ప్రణాళిక వచ్చిన పదేళ్ళకి ఆరోగ్యానికి చోటు దొరికింది. సంతోషమే.

కాని ఒక చిక్కు ఉంది. ఆ కార్యక్రమం నడిపేది ఆరోగ్య శాఖ. జామాయిల్ నాటాలా చింత నాటాలా అన్నది అటవీ శాఖ చేతిలో ఉంది. సిలిండర్ ధర పెట్రోలియం శాఖది. కల్లం దగ్గర పందిరి ఇంకొకరిది. ఒంటిమీద దెబ్బ వేసే నిర్ణయం ఒకచోట, మందు రాసే బాధ్యత ఇంకోచోట. పీహెచ్‌సీ డాక్టరు రక్తహీనతకి మాత్రలు ఇవ్వగలడు. కంచంలోంచి పోయిన దుంపని తిరిగి తేలేడు.

శాఖలు కలిస్తే ఏమవుతుందో పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో చూడొచ్చు. సోలార్ మిషన్ 2010లో మొదలైంది. ఛత్తీస్‌గఢ్ పునరుత్పాదక ఇంధన సంస్థ 2012 నుంచి 2016 మధ్య ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల మీద 500కి పైగా సోలార్ ఏర్పాట్లు పెట్టింది. రాత్రి లైటు వెలిగింది, టీకాల ఫ్రిజ్ ఆగలేదు, పురిటికి వచ్చినవాళ్ళని వెనక్కి పంపాల్సిన పని తగ్గింది. సోలార్ ఉన్న కేంద్రాల్లో నెలకి జరిగే ప్రసవాలు, లేనిచోట కంటే దాదాపు రెట్టింపు ఉన్నాయని అధ్యయనం చేసినవాళ్ళు రాశారు. అదే బొగ్గు పొగ తగ్గించే పథకం. తీసుకెళ్ళి పురిటిగది మీద పెట్టారు, ఆరోగ్యం పథకం అయింది. కాబట్టి వాతావరణ విధానం మనకి శత్రువు అని మేం అనం. అది ఎక్కడ దిగుతుంది, ఎవర్ని అడిగి దిగుతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మనం చేయగలిగింది

మేం చదువుకోవడానికి వచ్చినవాళ్ళం, మా దగ్గర డబ్బూ పదవీ లేవు. మా ఇళ్ళల్లో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. అందుకే చేతిలో ఉన్న పని చెప్తున్నాం.

ఒకటి, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ నెలలో ఎన్ని ఇళ్ళల్లో జ్వరాలు, ఎండకి ఎవరు పడిపోయారు, ఎన్ని రోజులు కట్టెల పొయ్యి, ఏ దుంప, ఏ ఆకు ఈ ఏడు దొరకలేదు. పెద్దవాళ్ళని అడిగి రాయండి. పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు.

రెండు, కాంపా కింద గానీ ఇంకే పథకం కింద గానీ మన నేలలో మొక్కలు నాటడానికి వస్తే, ముందు గ్రామసభలో మాట్లాడమనండి. చింత, ఇప్ప, ఉసిరి, పనస, నేరేడు, అడ్డతీగ కావాలని తీర్మానం రాయించండి. తీర్మానం కాపీ మన దగ్గర ఉంచుకోండి. అటవీ హక్కుల చట్టం, పీసా చట్టం ఆ నోరు మనకి ఇచ్చాయి.

మూడు, జిల్లా ఆరోగ్యశాఖ ఆఫీసుకి వెళ్ళి, వాతావరణ మార్పు, ఆరోగ్యం కార్యక్రమం మన జిల్లాలో ఎవరు చూస్తున్నారని అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టండి. వేసవి ప్రణాళికలో తునికాకు కల్లాలు, ఉపాధి పనిచోట్లు ఉన్నాయా అని అందులోనే అడగండి.

శాటిలైట్ మన అడవిని పైనుంచి చూస్తుంది. మన ఒంటిని చూడాల్సింది కిందనుంచి మనమే. మన అవ్వాతాతలు ఏ ఏడు ఏ జ్వరం వచ్చిందో నోటిలెక్కతో గుర్తుపెట్టుకున్నారు. మనకి రాయడం వచ్చు. ఆ లెక్క రాసి ముందు పెట్టకపోతే, వచ్చే ప్రణాళికలో కూడా మనం బిట్టులా బట్టీ పట్టుకోవడానికి ఇంకో తొమ్మిది పేర్లు వస్తాయి, అంతే.

తప్పులుంటే కామెంట్లో చెప్పండి, దిద్దుకుంటాం. మీ ఊళ్ళో ఈ ఏడు జ్వరాలు ఏ నెలలో మొదలయ్యాయో కూడా రాయండి. మా నోటుబుక్కులో మొదటి పేజీ అక్కడ్నుంచే మొదలవుతుంది.

జోహార్.